హోవర్డ్ గారి భార్య

మా అమ్మమ్మకి జెస్సీ జేమ్స్ కథ ఫోన్లో చెప్పింది నేనే.

"దొంగా? ఏం దోచాడే?" అంది.

"బ్యాంకులు, రైళ్ళు."

"రైళ్ళల్లో పెట్టెలా?"

"పెట్టెలు కాదు అమ్మమ్మా, రైలునే ఆపి దోచేవాడు."

అమ్మమ్మ కాసేపు ఆలోచించింది. రైలుని ఎట్లా ఆపుతాడని అడుగుతుందనుకున్నాను. "పెళ్ళయిందా? పెళ్ళామెవరు?" అంది.

"మేనత్త కూతురు."

"ఇంకేం మరి, మేనరికమే" అంది, ఆ ఒక్క మాటతో అతను సగం మంచివాడైపోయినట్టు.

2015 చలికాలం అది. మిస్సోరీ రాష్ట్రంలో మేరీవిల్ అనే చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. అక్కడ ఎమ్మెస్ చేసిన తెలుగువాళ్ళకి ఆ ఊరి గురించి నేను చెప్పక్కర్లేదు. వాల్‌మార్ట్‌కి వెళ్తే కరివేపాకు దొరకదు గానీ "అన్నా, రైడ్ ఉందా?" అనే మాట మాత్రం వినబడుతుంది. మావారిది ఎఫ్-1 వీసా, నాది ఎఫ్-2. అంటే ఆయన చదువుకోవచ్చు, నేను ఆయన భార్యగా ఇంట్లో ఉండొచ్చు. ఉద్యోగం చెయ్యకూడదు. బయట మంచు, లోపల హీటర్ చప్పుడు, మధ్యలో నేను. అమ్మమ్మకి ఫోన్ చెయ్యడం తప్ప చెప్పుకోదగ్గ పనేమీ ఉండేది కాదు. మాకు రాత్రయితే ఆవిడకి పొద్దున కాఫీ వేళ.

ఈ కథ నాకు తెలిసింది మా కింద వాటాలో ఉండే ఒక పెద్దావిడ వల్ల. పేరు పెట్టి పిలవమనేది. నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని, చివరికి ఆవిడే ఆ పిలుపుకి అలవాటు పడింది. నెలకోసారి కంటి డాక్టరు దగ్గరికి సెయింట్ జోసెఫ్ వెళ్ళేది. దారి 45 మైళ్ళు. వచ్చేటప్పుడు కళ్ళు మసకగా ఉంటాయి, పక్కన మనిషి ఉంటే ధైర్యమని నన్ను రమ్మనేది. నాకు డ్రైవింగ్ రాదని ఆవిడకి తెలుసు. అయినా రమ్మనేది. నేను పులిహోర డబ్బాలో పెట్టుకుని బయల్దేరేదాన్ని. ఆవిడ ఒక చెంచాడు తిని, నీళ్ళు తాగి, "బాగుంది" అనేది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేవి పాపం.

ఒకరోజు డాక్టరు దగ్గర ఆలస్యమవుతుందని తెలిసి, నన్ను ప్యాటీ హౌస్ ముందు దింపేసి రెండు గంటల్లో వస్తానంది. అదొక పాత హోటలు, ఇప్పుడు మ్యూజియం. 1858లో 140 గదులతో కట్టారు. 1860 ఏప్రిల్ 3న గుర్రాల మీద ఉత్తరాలు మోసే పోనీ ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు దాని ఆఫీసు ఇక్కడే. నేను గుర్రాల సంగతి చూసీ చూడనట్టు చూసేసి, వెనక ఆవరణలో ఉన్న చిన్న చెక్క ఇంట్లోకి వెళ్ళాను. అక్కడే హీటర్ బాగా పనిచేస్తోంది, నిజం చెప్పాలంటే అందుకే.

జెస్సీ జేమ్స్ చనిపోయిన ఇల్లది. మొదట్లో రెండు వీధుల అవతల లాఫయెట్ స్ట్రీట్‌లో, గుట్ట మీద ఉండేది. ఆ ఇంటి మీద డబ్బులొస్తాయని తెలిసి 1939లో పెద్ద రోడ్డు పక్కకి జరిపారు, 1977లో మళ్ళీ ఇక్కడికి తెచ్చారు. గోడకి ఒక చిల్లు, దాని మీద అద్దం. తూటా పట్టేంత చిల్లు కాదది, చాలా పెద్దది. గుర్తుగా ఉంటుందని వచ్చినవాళ్ళు పెచ్చులు గీరుకుపోయి అలా చేశారట. నా ముందు నిలబడ్డ కుర్రాళ్ళు ఆ అద్దం పక్కన తలపెట్టి సెల్ఫీలు తీసుకుంటున్నారు.

నేను చూసింది వంటిల్లు. ముందు గది నుంచి పట్టుమని పది అడుగులు కూడా లేదు. ఆ రోజు ఆవిడ అక్కడే ఉంది.

ఆవిడ పేరు జెరెల్డా మిమ్స్. ఇంట్లో జీ అనేవాళ్ళు. 1845లో పుట్టింది. వరసలు మనవాళ్ళకైతే గబుక్కున అర్థమవుతాయి. జెస్సీ తండ్రి రాబర్ట్, జీ తల్లి మేరీ తోబుట్టువులు. అంటే జెస్సీకి ఈమె సొంత మేనత్త కూతురు, వరసైన మరదలు. పైగా మేనమామ భార్య పేరే ఈ పిల్లకి పెట్టారు. అంటే అత్తగారి పేరూ జెరెల్డాయే, కోడలి పేరూ జెరెల్డాయే. ఈ సంగతి చెప్పినప్పుడు ఆంటీ మొహం కాస్త అదోలా పెట్టి "అప్పట్లో అలా చేసుకునేవాళ్ళులే" అంది. మా ఊళ్ళో ఇప్పటికీ చేసుకుంటారని చెప్పాను. కారు నడుపుతూ మాట మార్చింది.

పిల్ల రెండేళ్ళు పెద్దది. మా అమ్మమ్మకి కథ మొత్తంలో నచ్చనిది ఇదొక్కటే.

1865లో, ఉత్తరాది దక్షిణాది రాష్ట్రాల మధ్య సివిల్ వార్ అయిపోయే రోజుల్లో జెస్సీ ఛాతీలో తూటా తగిలింది. పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. అప్పటికే దక్షిణాది గెరిల్లా ముఠాల్లో తిరిగాడు. 1864లో సెంట్రాలియాలో ఆయుధాలు లేని యూనియన్, అంటే ఉత్తరాది, సైనికుల్ని రైల్లోంచి దింపి చంపింది ఆ ముఠాలవాళ్ళే. పేదవాళ్ళకి పంచిపెట్టిన మహానుభావుడని పాటలు కట్టారు గానీ, పంచిపెట్టినట్టు దాఖలా ఏమీ లేదు. జేమ్స్ వాళ్ళింట్లో బానిసలుండేవారు. ఇవి కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. ఆంటీ నవ్వుతూ అనేది: "మా వైపు ఏ ముసలాయన్ని కదిపినా, మా తాత జెస్సీకి అన్నం పెట్టాడనే చెప్తాడు. అన్ని ఇళ్ళల్లో తింటే ఆ మనిషి గుర్రం మీద కూర్చోగలిగేవాడు కాదు."

దెబ్బ తగిలిన కుర్రాణ్ణి మేనత్త ఇంటికి తెచ్చారు. హార్లెమ్ అనే చోట వాళ్ళు భోజనం, బస ఇచ్చే ఇల్లు నడిపేవారు. ఇప్పుడది కాన్సస్ సిటీలో కలిసిపోయింది. కట్లు మార్చింది, సేవ చేసింది జీ. అక్కడే ఇద్దరికీ మాట కుదిరింది. పెళ్ళి మాత్రం 1874 ఏప్రిల్ 24న. తొమ్మిదేళ్ళు! ఈ తొమ్మిదేళ్ళలో ఆయన గారు ఊరికే కూర్చోలేదు. గ్యాలటిన్‌లో బ్యాంకు దోచి క్యాషియర్ని చంపారు, 1873లో అయోవాలో రైలు పట్టా లాగేసి రైలుని పడగొట్టారు. ఈమె మాత్రం తలొంచుకుని ఎదురు చూసింది. ఎవరి ఇళ్ళల్లోనో ఉండి ఉంటుంది, ఏవేవో సంబంధాలు వచ్చి ఉంటాయి. వాటి గురించి మ్యూజియంలో ఏ బోర్డూ లేదు.

పెళ్ళి చేయించింది ఇద్దరికీ బంధువే, మెథడిస్టు పాస్టరు. మొదట ఒప్పుకోలేదని, జీ బతిమాలితేనే ఒప్పుకున్నాడని అంటారు. ఆ తర్వాత సెయింట్ లూయిస్ పత్రిక ఒకటి, జెస్సీ జేమ్స్ చివరికి పట్టుబడ్డాడు, పట్టుకున్నది ఒక అందమైన అమ్మాయి అని సరదాగా రాసింది. ఆ పత్రిక వాళ్ళకి పెళ్ళి కబురు ఒక జోకు. ఆమెకి తర్వాతి ఎనిమిదేళ్ళూ ఆ జోకులోనే గడిచిపోయాయి.

పెళ్ళయి తొమ్మిది నెలలకి అత్తగారింటి మీద పింకర్టన్ అనే ప్రైవేటు కంపెనీ డిటెక్టివులు పడ్డారు. 1875 జనవరిలో, రాత్రిపూట. కిటికీలోంచి మండే వస్తువేదో లోపలికి విసిరారు, పొయ్యిలో పడి పేలింది. జెస్సీ ఇంట్లో లేడు. ఎనిమిదేళ్ళ ఆర్చీ, జెస్సీ తల్లికి మూడో పెళ్ళి వల్ల కలిగిన కొడుకు, చచ్చిపోయాడు. తల్లికి ఒక చెయ్యి పోయింది.

ఆ తర్వాత టెన్నెసీ వెళ్ళిపోయారు. అక్కడ ఈయన జె.డి. హోవర్డ్. ఈమె మిసెస్ హోవర్డ్. కొడుకు 1875లో పుట్టాడు, తండ్రి పేరే పెట్టుకుని ఆ పేరుతో పిలవలేక "టిమ్" అన్నారు. 1878లో కవలలు పుట్టి కొద్ది రోజులకే పోయారు. 1879లో ఆడపిల్ల, మేరీ. మధ్యలో 1876లో మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్‌లో బ్యాంకు మీద పడితే ఊరివాళ్ళే తిరగబడి కాల్చారు. ముఠా చెల్లాచెదురైంది, అన్నదమ్ములిద్దరే తప్పించుకుని బయటపడ్డారు. అన్న ఫ్రాంక్ టెన్నెసీలో వ్యవసాయం చేసుకుంటూ స్థిరపడదామని చూశాడు. ఈయనకే కాలు నిలవలేదు. గుర్రప్పందాలు, మళ్ళీ ముఠా, మళ్ళీ రైలు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి.

మావారు రాత్రిళ్ళు పనికెళ్ళేవారు. యూనివర్సిటీలో వారానికి 20 గంటలు పని చెయ్యొచ్చు, ఆ ఉద్యోగాలు దొరకడమే గగనం. ఈయనకి దొరకలేదు. ఊరి బయట ఒక గ్యాస్ స్టేషన్‌లో, మనవాళ్ళదే, క్యాష్ ఇచ్చి పెట్టుకున్నారు. వీసా ఒప్పుకోని పని. దొంగతనం కాదులెండి, కడుపు కోసం. చాలామంది చేశారు, ఎవరూ చెప్పుకోరు. రాత్రి ఒంటిగంటకి తలుపు తీస్తే ఆయన ఒంటి నుంచి కాఫీ వాసన, పెట్రోలు వాసన కలిసి వచ్చేవి. పొయ్యి మీద ఉప్మా పెట్టి, పొగ అలారం మోగకుండా కిటికీ తెరిచి, ఆ చలిలో నిలబడేదాన్ని.

ఎవరడిగినా నేను చెప్పాల్సిన జవాబు ఒక్కటే. "లైబ్రరీకెళ్ళారు." మా అమ్మకి అదే, అత్తగారికి అదే, అమ్మమ్మకి అదే. ఒకసారి పగలు తలుపు కొట్టారు. కంతలోంచి చూస్తే యూనిఫామ్‌లో ఇద్దరు. నా కాళ్ళు వణికాయి. తీరా చూస్తే హీటర్ ఫిల్టర్ మార్చడానికి వచ్చినవాళ్ళు. మీ ఆయన ఉన్నాడా అని మర్యాదకి అడిగితే, వాళ్ళకి అక్కర్లేకపోయినా లైబ్రరీ ఏ వీధిలో ఉందో, ఎన్నింటికి మూస్తారో కూడా చెప్పాను. ఒకడు నా మొహం వైపు ఒకలా చూశాడు. వాళ్ళు వెళ్ళాక స్నానాలగదిలో కూర్చుని చాలాసేపు బయటికి రాలేదు.

ఈ సంగతి తర్వాత రెండు వారాలకే నేను ఆ ఇంట్లో, ఆ వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అందుకే కాబోలు చిల్లు కంటే గుమ్మమే ఎక్కువసేపు చూశాను.

సెయింట్ జోసెఫ్‌కి వాళ్ళొచ్చింది 1881 చివర్లో. క్రిస్మస్ ముందు రోజు ఈ ఇంట్లో చేరారు. అద్దె నెలకి 14 డాలర్లు. ఇక్కడ ఆయన పేరు థామస్ హోవర్డ్. ఆయన తల మీద, అన్న తల మీద గవర్నరు క్రిటెండెన్ పెట్టించిన బహుమతి ఊరూరా తెలుసు. పాత ముఠాలో కొందరు జైల్లో, కొందరు పోలీసుల వైపు. నమ్మేవాళ్ళు లేక నమ్మకూడనివాళ్ళని నమ్మాడు: చార్లీ ఫోర్డ్, వాడి తమ్ముడు బాబ్. బాబ్ అప్పటికే గవర్నర్ని కలిసి మాట్లాడుకుని వచ్చాడు. ఇద్దరూ బంధువుల పేరుతో ఈ ఇంట్లోనే తిని, ఈ ఇంట్లోనే పడుకునేవారు. ప్లాట్ సిటీలో బ్యాంకు దోచాలని ముగ్గురూ కలిసి ప్లాను వేస్తున్నారు. వండి పెట్టేది జీ. ఇద్దరు చిన్న పిల్లల్ని చూసుకుంటూ ముగ్గురు మగవాళ్ళకి మూడు పూటలా.

1882 ఏప్రిల్ 3, సోమవారం. టిఫిన్లు అయ్యాయి. జీ వంటింట్లోకి వెళ్ళింది. ఉక్కగా ఉందని జెస్సీ కోటు విప్పాడు, నడుముకి పిస్టళ్ళు ఉంటే కిటికీలోంచి ఎవరైనా చూస్తారని అవీ తీసి పక్కన పెట్టాడు. గోడ మీద పటం దుమ్ము పట్టిందో, వంకరగా ఉందో, కుర్చీ ఎక్కాడు. బాబ్ వెనక నుంచి తలలోకి కాల్చాడు.

ఆవిడ పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకుంది. పిస్టల్ పొరపాటున పేలిందని చార్లీ అన్నాడట. అవును, కావాలనే పొరపాటున పేలినట్టుంది అందిట ఆవిడ. అప్పటి పత్రికల్లో రాశారు ఆ మాట. అంత రక్తంలో అలాంటి మాట రావాలంటే ఎన్నేళ్ళుగా లోపల దాచుకుని ఉండాలో అనిపించింది నాకు.

పోలీసులు వచ్చి ఎవరని అడిగితే థామస్ హోవర్డ్ అనే చెప్పింది. భర్త శవం పక్కన కూడా ముందు నోటికొచ్చింది ఆ పేరే. తర్వాత ఒప్పుకుంది. ఇది చదివి నేను బోర్డు ముందే ఆగిపోయాను. బయట ఆంటీ హారన్ కొడుతుంటే వినబడలేదు.

దారిలో ఆంటీ అంది, ఆ పిల్లవాడికి తన పేరు జెస్సీ జేమ్స్ అని అప్పుడే తెలిసిందట. ఆరేళ్ళు. అంతవరకూ టిమ్ హోవర్డ్.

ఆ తర్వాత జీ కథ ఎవరికీ పట్టలేదు. ఫోర్డ్ అన్నదమ్ములు నేరం ఒప్పుకున్నారు, ఉరిశిక్ష పడింది, అదే రోజు గవర్నరు క్షమాభిక్ష పెట్టాడు. జెస్సీ అన్న ఫ్రాంక్ అక్టోబరులో లొంగిపోయాడు, ఏ కేసులోనూ శిక్ష పడలేదు, 1915 దాకా బతికాడు. అత్తగారు గట్టి మనిషి. కొడుకుని తన పెరట్లోనే పాతిపెట్టించి, చూడటానికి వచ్చినవాళ్ళ దగ్గర పావలా పావలా వసూలు చేసింది, సమాధి మీది గులకరాళ్ళు అమ్మింది. రాళ్ళు అయిపోతే వాగులోంచి తెచ్చి పోసేదట. ఆవిడ గురించి ఎంతైనా రాస్తారు, చెప్పుకోడానికి బాగుంటుంది. జీ అలాంటిది కాదు. ఇంట్లో సామాను వేలం వేసింది, వచ్చింది కొంచెమే. కాన్సస్ సిటీలో తనవాళ్ళని ఆసరా చేసుకుని పిల్లల్ని పెంచింది. కొడుకు చిన్నప్పుడే పనిలో చేరాడు. వాడికి కోర్టు భవనంలో చుట్టల కొట్టు పెట్టించింది గవర్నరు క్రిటెండెన్ కొడుకే. తండ్రి చావుకి కారణమైన మనిషి కొడుకు. దీన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ అబ్బాయి మీద 1898లో రైలు దోపిడీ కేసు పెట్టారు. నిర్దోషి అని తేలాడు, తర్వాత లాయరయ్యాడు. జీ 1900 నవంబరులో పోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

ఆవిడకి ఏమీ తెలియదని నేను అనుకోను. తెలుసు. తెలిసీ తిన్నది ఆ డబ్బే. గ్యాలటిన్ క్యాషియర్‌కి కూడా ఒక ఇల్లుంటుంది కదా. అయినా నాకు ఆవిడ మీద కోపం రాదు. ఎందుకు రాదో, మా వంటింట్లో కిటికీ తెరిచి నిలబడ్డ రాత్రుల వల్ల నాకు కాస్త తెలుసు.

ఇదంతా ఆ రాత్రే అమ్మమ్మకి చెప్పాను. వంటిల్లు, పటం, పిల్లవాడి పేరు, అన్నీ. మధ్యలో ఆవిడ కాఫీ చల్లారిపోయింది, అత్తయ్య వచ్చి మళ్ళీ వేడి చేసి ఇచ్చినట్టు చప్పుడు వినబడింది. అయ్యాక అమ్మమ్మ ఒక సామెత చెప్పింది. దొంగవాడి పెళ్ళాం ఎప్పటికైనా ముండమోపే అని. మోటు మాట. మా వైపు ముసలమ్మలు మాటల్లో మాటగా అనేస్తారు. కానీ అమ్మమ్మ తేలిగ్గా అనలేదు.

"తొమ్మిదేళ్ళు ఎదురు చూసిందా?" అంది మళ్ళీ.

"ఆఁ."

"ఎనిమిదేళ్ళు కాపురం చేసింది."

"దాదాపు."

"ఊళ్ళోవాళ్ళు వచ్చి మీ ఆయనేం చేస్తాడని అడిగితే ఏం చెప్పేదో పాపం."

నేనేమీ అనలేదు. ఫోన్లో అవతల కోడి కూసింది. ఇక్కడ రాత్రి పదకొండు దాటింది.

"అవునుగానీ" అంది అమ్మమ్మ, గొంతు తగ్గించి, అత్తయ్యకి వినబడకుండా. "నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా ఆ అబ్బాయి గొంతు వినబడదు. అంత రాత్రప్పుడు రోజూ ఎక్కడికెళ్తాడే?"

గడియారం వంక చూశాను. ఆయన రావడానికి ఇంకా రెండు గంటలుంది.

"లైబ్రరీకి అమ్మమ్మా" అన్నాను.